మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ చేస్తే నర్సు లైసెన్సు రాదు

నెల్లూరు, ఒంగోలు వైపు బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన పిల్లల అమ్మానాన్నలకు చెప్తున్నా. యూకేలో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ లాంటి ఎమ్మెస్సీ చేస్తే అక్కడే నర్సుగా సెటిలవ్వచ్చని ఏ కన్సల్టెన్సీ చెప్పినా నమ్మి డబ్బు కట్టకండి.

మా పిన్నివాళ్ళది సింగరాయకొండ. రొయ్యల గుంటలు తాకట్టు పెట్టి కూతుర్ని హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్‌కి పంపారు. ఇక్కడ ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పేషెంట్లను చూసుకున్న పిల్ల, అక్కడ కేర్ హోంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తోంది. ఆ పని తక్కువని నేననను, నేనూ నర్సునే. కానీ ఎదురుగా మనిషికి బీపీ పడిపోతోందని తెలిసినా, నర్సు వచ్చి చూసేదాకా అది చేతులు కట్టుకుని నిలబడాలి. ఫోన్లో ఈ మాట చెప్పి ఏడ్చింది.

యూకేలో నర్సుగా చేయాలంటే ఎన్‌ఎంసీ, అంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. వాళ్ళు చూసేది మనం ఇక్కడ చదివిన జీఎన్‌ఎం, బీఎస్సీ, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. మేనేజ్‌మెంట్ డిగ్రీతో ఆ రిజిస్టర్‌లోకి ఎక్కలేరు. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 రావాలి, రైటింగ్‌లో మాత్రం 6.5 చాలు. లేదంటే ఓఈటీ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష. తర్వాత సీబీటీ, అంటే కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, అది మన దేశంలోనే రాయొచ్చు. ఆఖర్న యూకేలో ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, దాని ఫీజే 794 పౌండ్లు.

ఆస్కీ అంటే 10 స్టేషన్లు, ఒక్కోచోట ఒక్కో పని చేసి చూపించాలి. మందు ఇచ్చేముందు పేరు, పుట్టినతేదీ అడిగి, చేతి బ్యాండుతో సరిచూసి, అలర్జీ ఉందా అని పైకే అడగాలి. బెడ్ నంబర్ చూసి ఇంజెక్షన్ చేసే మన వార్డు అలవాటుతో పోతే అక్కడే ఫెయిల్.

ఇంకోటి. విదేశీ నర్సుల్ని ఉద్యోగానికి తీసుకెళ్ళే ఏజెన్సీలు నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని యూకే ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. ఇప్పుడక్కడ పోస్టులు తగ్గాయి, నిజమే. అయినా ఆస్పత్రి ఉద్యోగానికి ప్రయత్నించమని మన కన్సల్టెన్సీవాళ్ళు చెప్పరు. కోర్సుకి పంపితే వాళ్ళకి కమీషన్ వస్తుంది. చదివేటప్పుడు వారానికి 20 గంటలే పని. చదువయ్యాక రెండేళ్ళు ఉండనిచ్చే వీసా 2027 జనవరి నుంచి 18 నెలలకు తగ్గుతోంది. బయటిదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం 2025 జులైలోనే ఆపేశారు. ఇవన్నీ తెలిసి కూడా అప్పులున్న ఇంటికొచ్చి ఎట్టా అమ్ముతారు ఈ కోర్సులు? నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా పిన్ని కూతురు, ఆ చెల్లికి ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో అర బ్యాండు స్కోరు తగ్గింది. యూకేలో ఏడాది పనిచేసుంటే, ఇంగ్లీషు సరిపోతుందని మేనేజర్ రాసిచ్చే పద్ధతొకటి ఉంది. ఆ సంగతి దానికి ఏ కన్సల్టెన్సీ చెప్పలేదు, నేను వెతికి చెప్పా. ఇప్పుడా కాయితాలు తయారుచేస్తున్నాం.

నర్సింగ్ కాలేజీల మేడమ్‌లకు ఒక విన్నపం. ఫైనలియర్ పిల్లల్ని ఒక్క పూట కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. పిల్లలూ, సర్టిఫికెట్లు చేతికి రాగానే కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రెన్యువల్ దాటనివ్వకండి. ఇప్పటికే అక్కడికెళ్ళి ఇరుక్కున్నవాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి. నైట్ డ్యూటీ లేని రోజు కూర్చుని, ఏ కాయితం ఎక్కడ తెచ్చుకోవాలో చెప్తా.