ఎక్సోజోమ్ గారూ, మీరు ఎవరి తాలూకు?

మహారాజశ్రీ ఎక్సోజోమ్ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం గురించే కాస్త టెన్షన్‌గా ఉంది. కణాలు బయటికి వదిలే, కంటికి కనబడని బుల్లి సంచులు మీరు, ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పడుకునే వంశం మీది. అలాంటిది మొన్న శనివారం మధ్యాహ్నం, మొహానికి మెరుపు తెస్తారన్న పేరుతో, కొండాపూర్‌లో ఓ స్కిన్ క్లినిక్ టేబుల్ మీద, ఏసీ రిమోట్ పక్కన కూర్చుని దర్శనమిచ్చారు. పొడిగా ఆరబెట్టిన రకమట, బయట ఉన్నా ఏం కాదన్నారు. సరే, ఒప్పుకున్నాం.

అప్పటికే నా మొహానికి మొద్దుబారే క్రీము దట్టంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, ముప్పావుగంట కదలొద్దన్నారు. ఊరికే కూర్చోలేక కౌన్సెలర్ అమ్మాయిని అడిగాను, ఇవి ఎక్కడి నుంచి తీసినవమ్మా అని.

"కొరియా మేడం."

"దేశం కాదమ్మా, దేన్నుంచి తీశారు?"

"ప్రీమియం మేడం."

"అంటే మనిషి కణాలా, మొక్కా, చేపా?"

"స్టెమ్ సెల్ మేడం. సెలబ్రిటీలంతా ఇదే చేయించుకుంటున్నారు."

స్టెమ్ సెల్ అంటే వేరే కణాలుగా ఎదగగల మూలకణం. అది గులాబీకీ ఉంటుంది, మనిషికీ ఉంటుంది. డాక్టరు గారిని అడుగుదామంటే ఆయన ఇంకో బ్రాంచిలో ఉన్నారు. ఆయనెప్పుడూ ఇంకో బ్రాంచిలోనే ఉంటారు.

ఎక్సోజోమ్ గారూ, మన వైపు కొత్త మనిషి గుమ్మంలోకి రాగానే మంచినీళ్లకంటే ముందు అడిగేది, ఎవరి తాలూకు అని. బండి మీద మామిడిపండ్లమ్మే ఆయన కూడా అడక్కముందే నూజివీడు కాయ అని చెబుతాడు. సిట్టింగుకి 12 వేలు పుచ్చుకుంటూ మీవాళ్లు మాత్రం మీ పుట్టిల్లు చెప్పరు. నాకిది కుతూహలం కాదు, మీ సంగతిలో అసలు విషయమే అది. 30 నుంచి 150 నానోమీటర్లుండే మీ సంచిలో ఏ ప్రోటీన్లున్నాయి, కణానికి కబుర్లు మోసే ఏ ఆర్‌ఎన్‌ఏ ముక్కలున్నాయి అన్నది మిమ్మల్ని కన్న కణాన్ని బట్టే ఉంటుంది. బొడ్డుతాడు మూలకణం వదిలిన ఎక్సోజోమ్ వేరు, ప్లేట్‌లెట్ వదిలింది వేరు, ఆవు పాలలోది వేరు. మొక్కల నుంచి తీసినవైతే శాస్త్రవేత్తలు మీ పేరు పూర్తిగా ఇవ్వడానికి కూడా మొహమాటపడి 'ఎక్సోజోమ్‌లాంటివి' అంటారు. ముసలి కణం కూడా మిమ్మల్ని వదులుతుంది. క్యాన్సర్ కణం అయితే మిమ్మల్ని ముందుగా పంపించి, ఒంట్లో ఇంకో చోట తన మకాంకి ఏర్పాట్లు చేయించుకుంటుందట. ఇంతమంది తల్లులున్న మీకు పెట్టె మీద ఒక్క తల్లి పేరు రాయడానికి చోటు లేకపోయిందా? మెరుపు గీతలకీ, బంగారు రంగు పూలకీ మాత్రం చోటుంది!

యూరోపియన్ యూనియన్‌లో ఈ బాధ కొంత నయం. మనిషి కణాల నుంచి తీసిన ఏ సరుకునీ కాస్మెటిక్స్‌లో వాడనివ్వరు. అక్కడికి వెళ్లాలంటే మీరు గులాబీ వేషమో, చేప వేషమో కట్టాలి. ఇక్కడ వేషం కూడా అక్కర్లేదు, 'స్టెమ్ సెల్' అంటే చాలు, అందరం లేచి నిలబడతాం.

మీరంటే నాకు చిన్నచూపు లేదు, ఆ మాట మాత్రం నమ్మండి. 1983లో కెనడాలోని మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్ అనే శాస్త్రవేత్త బృందం గొర్రె ఎర్ర రక్తకణాలు ఎదిగే తీరు చూస్తుంటే, అక్కర్లేని సరుకును కణం చిన్న సంచుల్లో కట్టి బయట పారేస్తూ కనబడింది. చెత్త సంచులుగా లోకానికి పరిచయమయ్యారు. 2007లో స్వీడన్‌లో శాస్త్రవేత్తలు మీ సంచిలో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, దాన్ని తీసుకెళ్లి ఇంకో కణానికి అప్పగిస్తున్నారనీ చూపించారు. చెత్త మోసేవాళ్లనుకుంటే ఉత్తరాలు మోసేవాళ్లని తేలింది. అంత పెద్ద ఉద్యోగం చేసేవారికి ఈ ఫేషియల్ గొడవ ఎందుకొచ్చిందండీ?

ఇంకో చిన్న సందేహం. మీ పెట్టె వెనక సన్న అక్షరాల్లో 'ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ' అని ఉంది. పక్కనే ట్రేలో సూదుల పెన్ను తయారుగా ఉంది. ఇదేమిటని కౌన్సెలర్ అమ్మాయిని అడిగితే, "పైనే పూస్తాం మేడం, పూశాక పెన్ను నడుపుతాం, అంతే" అంది. ఎంత సులువు! చర్మం పై పొర దాటి లోపలికి పోవాలంటే అణుభారం సుమారు 500 డాల్టన్లు (అణువుల్ని తూచే కొలత) మించకూడదని 2000లో చెప్పిన లెక్క ఒకటుంది. ఒక్క మామూలు ప్రోటీనే వేల డాల్టన్లు తూగుతుంది, మీరు అలాంటివి మూట కట్టుకున్నవారు. సొంతంగా గుమ్మం దాటలేరు, సూది బెజ్జం పెట్టాల్సిందే. అయితే ఆ సూది గుచ్చినందుకే చర్మం గాయమనుకుని, తనని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ని కొత్తగా తయారు చేసుకుంటుంది, మీరు రాకపోయినా చేసుకుంటుంది. ఎవరి వల్ల ఎంత మెరిసిందో తెలియాలంటే సగం మొహానికి ఉత్త సూది, సగానికి మీరు పెట్టి చూడాలి. క్లినిక్ గోడ మీది ఫొటోల్లో ఆ పోలిక ఒక్కటీ లేదు. 'బిఫోర్' ట్యూబ్‌లైటు కింద, 'ఆఫ్టర్' కిటికీ పక్కన. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

సీసా మీద వందల కోట్ల ఎక్సోజోములన్న అంకె గురించి ఎక్కువ మాట్లాడను. ఆ లెక్కపెట్టే మిషనుకి ఎక్సోజోమైనా, ప్రోటీన్ ఉండైనా, కొవ్వు బిందువైనా ఒకటే రేణువు.

ఇంక మర్యాద నా వల్ల కాదు. నువ్వెవరివో నాకు చెప్పకుండా నా మొహానికి బెజ్జాలు పెట్టి లోపలికి వస్తావా? 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జనానికి హెచ్చరిక ఇచ్చింది. అక్కడి నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోజోములున్నాయని చెప్పి అమ్మిన, అనుమతి లేని సరుకు ఎక్కించుకున్న కొందరి ఆరోగ్యం బాగా దెబ్బతిందని. ఎక్సోజోములతో చేసిన ఏ మందుకీ తాను అనుమతి ఇవ్వలేదని కూడా అప్పుడే చెప్పింది. వాళ్లు ఎక్కించుకున్నదీ నా ట్రేలో ఉన్నదీ ఒకటేనని నేననడం లేదు. ఒకటి కాదని చెప్పే కాగితం ఒక్కటి చూపించమన్నాను. బ్యాచ్ రిపోర్టు అడిగితే బ్రోచర్ తెచ్చిచ్చారు.

కవరు విప్పి, క్రీము తుడుచుకుని లేచాను. అడ్వాన్సు నాన్ రిఫండబుల్ అన్నారు. గట్టిగా గొడవ పెట్టుకుందామంటే పెదాలు మొద్దుబారి 'రిఫండ్' అన్న మాట 'రిహండ్' అని వచ్చింది. రిసెప్షన్‌లో ఇద్దరు నవ్వుకున్నారు. నన్ను కాల్చింది అదీ.

మీవాళ్లు నా రక్తంలో ఇప్పుడు కూడా లెక్కలేనంత మంది తిరుగుతున్నారు, అడ్వాన్సు అడక్కుండా, నా సొంత కణాలు కన్నవాళ్లు. వాళ్లతో నాకే పేచీ లేదు.

ఇందాకే క్లినిక్ నుంచి వాట్సాప్ వచ్చింది. ఎక్సోజోమ్ ప్యాకేజీ తీసుకుంటే సాల్మన్ డీఎన్‌ఏ సిట్టింగు ఒకటి ఉచితమట. చేప పేరైనా చెప్పారు, సంతోషం.

ఇట్లు,
రసీదు ఇంకా దాచుకున్న ఓ మేడం