బాధ్యత నాదే అన్నారు, ఉద్యోగాలు మాత్రం వాళ్ళవి పోయాయి

2022 నవంబరు 9న మార్క్ జుకర్‌బర్గ్ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఉద్యోగులకు ఒక లేఖ రాశారు. కోవిడ్ రోజుల్లో జనం ఆన్‌లైన్‌కు ఎగబడటం చూసి, ఇక ఎప్పటికీ ఇంతేననుకుని ఖర్చు పెంచేశామని, ఆ అంచనా తప్పిందని, బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. అదే లేఖలో 11,000 మందిని, అంటే ఉన్నవాళ్ళలో సుమారు 13 శాతం మందిని, తీసేస్తున్నట్టు చెప్పారు. రెండు నెలలు తిరిగేసరికి, 2023 జనవరి 20న, గూగుల్‌లో 12,000 ఉద్యోగాలకు కోత పెడుతూ సుందర్ పిచాయ్ కూడా దాదాపు ఇదే మాట అన్నారు: ఈ పరిస్థితికి దారితీసిన నిర్ణయాలకు పూర్తి బాధ్యత నాదే.

తప్పు ఒప్పుకోవడం మంచిదే. కానీ ఒప్పుకున్న మనిషికి దానివల్ల ఏం పోయింది?

మెటా సంగతే తీసుకుందాం. 2019 చివరికి అక్కడ 45 వేల మందికి కాస్త తక్కువగా పనిచేసేవారు. 2022 సెప్టెంబరుకల్లా 87 వేలు దాటారు. మూడేళ్ళు తిరక్కుండానే సంస్థ దాదాపు రెట్టింపైంది. అమెరికాలో వడ్డీ రేట్లు సున్నా దగ్గర ఉన్న కాలమది; అప్పు చవక, షేర్ల ధరలు ఆకాశంలో, పక్క కంపెనీ ఎగరేసుకుపోకముందే మనమే తీసుకుందామన్న ఆత్రం. 2022 మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీలు పెంచడం మొదలుపెట్టేసరికి లెక్కలన్నీ తిరగబడ్డాయి. ఈ నియామకాల జోరుకు అనుమతిచ్చింది పైవాళ్ళు. వాళ్ళు చెప్పినట్టు మనుషుల్ని వెతికి తెచ్చింది రిక్రూటర్లు. కోత మొదలయ్యాక ఎక్కువ దెబ్బ తగిలింది ఆ రిక్రూటింగ్ విభాగానికే. ఆ మాట జుకర్‌బర్గ్ లేఖలోనే ఉంది.

మరి కోత పడనిది ఏమిటి? మెటావర్స్ (కంప్యూటర్ సృష్టించే త్రీడీ ఊహాలోకం) పనులు చూసే మెటా విభాగం రియాలిటీ ల్యాబ్స్ 2022లో 1,370 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపించింది. 2023లో అది 1,610 కోట్లు, 2024లో 1,770 కోట్ల డాలర్లు. అక్కడా కొన్ని ఉద్యోగాలు పోయాయి కానీ పందెం మాత్రం ఆగలేదు, ఎందుకంటే అది అధినేత మనసుపడ్డ పందెం. పదేళ్ళ తర్వాత ఆయన చెప్పిందే నిజం కావచ్చు, అది వేరే చర్చ. ఒక అంచనా తప్పితే వేలమంది ఇంటికి వెళ్ళడం, ఇంకో అంచనా ఏటా వేలకోట్లు మింగుతున్నా దాన్ని ఎవరూ ఆపలేకపోవడం, రెండూ ఒకే కంపెనీలో జరిగాయన్నదే నేను చెప్పేది.

నోరెత్తినా లాభం లేదు. మెటాలో జుకర్‌బర్గ్ చేతిలో ఉన్న క్లాస్ బి షేర్లకు ఒక్కోదానికి పది ఓట్లు. మొత్తం ఓట్లలో సగానికి పైగా ఆయనవే. ఒక షేరుకు ఒకే ఓటు ఉండాలన్న తీర్మానం వార్షిక సమావేశాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది, మళ్ళీ మళ్ళీ వీగిపోతుంది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌లోనూ వ్యవస్థాపకులు ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ చేతిలో ఓట్ల ఆధిక్యం ఉంది. తీసెయ్యగలవాళ్ళు లేనిచోట, జీతం కోయగలవాళ్ళు లేనిచోట బాధ్యత నాదే అనడానికి ధైర్యమేమీ అక్కర్లేదు.

పైగా మార్కెట్ చప్పట్లు కొట్టింది. 2022లో దాదాపు 64 శాతం పడిపోయిన మెటా షేరు, మరో 10,000 మందిని తీసేసిన 2023లో దాదాపు మూడింతలైంది. 2024 ఫిబ్రవరిలో కంపెనీ తన చరిత్రలో మొదటిసారి డివిడెండ్ ప్రకటించి, అదనంగా 5,000 కోట్ల డాలర్ల షేర్ల బైబ్యాక్‌కు, అంటే తన షేర్లను తానే తిరిగి కొనుక్కోవడానికి, అనుమతిచ్చింది. గూగుల్ సంగతీ అంతే. కోత పెట్టిన మూడు నెలలకు 7,000 కోట్ల డాలర్ల బైబ్యాక్. అదే ఏప్రిల్‌లో పిచాయ్ 2022 పారితోషికం సుమారు 22.6 కోట్ల డాలర్లని బయటపడింది. అందులో ఎక్కువ భాగం మూడేళ్ళకోసారి ఇచ్చే షేర్లే, కోత ప్రకటనకు ముందే ఖరారైనవి కూడా. న్యాయంగా ఆ మాట చెప్పాలి. అయినా ఏళ్ళ తరబడి పనిచేసి, ఒక పొద్దున లాగిన్ కాకపోతే సొంత ఈమెయిల్ తెరిచి విషయం తెలుసుకున్నవాళ్ళకు ఆ వివరణ ఏం ఊరట? హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళకైతే ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 60 రోజుల గడువు. ఆలోగా కొత్త ఉద్యోగమో, వేరే వీసా దారో దొరక్కపోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే.

కంపెనీ అంటే ధర్మసత్రం కాదు, నిజమే. పని లేని చోట మనుషుల్ని తగ్గించక తప్పని సందర్భాలుంటాయి. గూగుల్ అమెరికా ఉద్యోగులకు కనీసం 16 వారాల జీతం ఇచ్చి పంపింది, చాలా రంగాల్లో అదీ దొరకదు. ఉద్యోగాలు తీసేయడమే నేరమని నేననను. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, ఇక్కడ పిడికెళ్ళన్నీ ఒకవైపే పడుతున్నాయి.

ఇలాగే జరగాలనేమీ లేదు. వీ యూ అనే వీడియో గేమ్ యంత్రం అమ్మకాలు దెబ్బతిన్నప్పుడు నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా 2014లో ఐదు నెలలపాటు తన జీతం సగానికి తగ్గించుకున్నారు. మనుషుల్ని తీసేస్తే మిగిలినవాళ్ళ మనసు పని మీద నిలవదన్నది ఆయన వాదన. 1,300 మందిని పంపించిన జూమ్ అధినేత ఎరిక్ యువాన్ తన జీతంలో 98 శాతం వదులుకున్నారు. ఇందులో చిన్న కిటుకు ఉందనుకోండి. ఇలాంటి వ్యవస్థాపకుల సంపదంతా షేర్లలో ఉంటుంది, నెలజీతం అందులో ఓ మూలకు చేరదు. అయినా ఏమీ వదులుకోనివాళ్ళకంటే నయం.

ఇప్పుడు ఆ ఒప్పుకోలు కూడా తగ్గిపోతోంది. 2025 ఆరంభంలో మెటా 5 శాతం మందిని పనితీరు బాలేదని ముద్రవేసి పంపింది. మంచి రేటింగులు వచ్చిన మాకూ ఈ ముద్ర ఎందుకని కొందరు బహిరంగంగానే అడిగారు. ముద్ర పడ్డవాడికి తర్వాతి ఇంటర్వ్యూలో ఎంత టెన్షనో వేరే చెప్పాలా? 2025 అక్టోబరులో అమెజాన్ 14,000 ఆఫీసు ఉద్యోగాలు తీసేస్తూ ఉద్యోగులకు పంపిన సందేశంలో ఏఐ తెస్తున్న మార్పు గురించి గొప్పగా చెప్పింది. రెండు రోజులకు అధినేత ఆండీ జాస్సీ, ఇది డబ్బు గురించీ కాదు, ప్రస్తుతానికి ఏఐ గురించీ కాదు, కంపెనీ సంస్కృతి గురించి అన్నారు. ఇప్పుడు కొని తర్వాత కట్టే సౌకర్యమిచ్చే స్వీడన్ కంపెనీ క్లార్నాది మరీ విచిత్రం. తన ఏఐ సహాయకుడు 700 మంది కస్టమర్ సర్వీసు ఏజెంట్ల పని చేస్తున్నాడని 2024లో గొప్పగా ప్రకటించి, మరుసటి ఏడాదే నాణ్యత పడిపోయిందంటూ మళ్ళీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. తప్పు తనదని ఒప్పుకుంటే కనీసం నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. నెపం ఏఐ మీదకో, ఉద్యోగి పనితీరు మీదకో పోయాక ఎవర్ని నిలదీయాలి?

అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీల నిబంధనల ప్రకారం, ఖాతాల్లో తప్పులు దొర్లి లెక్కలు సవరించాల్సి వస్తే, వాటి ఆధారంగా పైవాళ్ళు అదనంగా తీసుకున్న బోనస్ వెనక్కి కట్టాలి. అంకె తప్పితే వసూలు ఉంది, అంచనా తప్పితే లేదు. పెద్దఎత్తున కోతపెట్టిన కంపెనీలో ఆ ఏడాదీ, పై ఏడాదీ అధినేతకు కొత్త షేర్లు ఇవ్వకూడదని డైరెక్టర్ల బోర్డు రాసుకుంటే చాలు. చట్టం కూడా అక్కర్లేదు. తర్వాతిసారి మనుషుల్ని రెట్టింపు చేసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

బోర్డులు తమంతట తాము ఆ పని చేస్తాయని మాత్రం నేననుకోను. 2023 జనవరిలో పిచాయ్ పంపిన మెయిల్లోనే ఇంకో వాక్యం ఉంది: అమెరికాలో తీసేసినవాళ్ళకు ఇప్పటికే విడిగా మెయిల్ పంపేశామని, వేరే దేశాల్లో మాత్రం అక్కడి చట్టాలు, పద్ధతుల వల్ల ఎక్కువ సమయం పడుతుందని. కంపెనీ ఒకటే, కోత ఒకటే, అధినేత పశ్చాత్తాపమూ ఒకటే. ఉద్యోగులతో సంప్రదింపులు జరపకుండా పంపించడానికి చట్టం ఒప్పుకోని చోట కంపెనీ ఆగింది, ఒప్పుకున్న చోట తెల్లవారేసరికి పని ముగించింది.