సవరణ: ఫ్లోరెన్స్ హోజ్ అల్లిక బట్ట కాదు

రినైసాన్స్ (యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం) కాలపు మగవారి దుస్తులను కొలతలిచ్చి కుట్టించుకోవడంపై వచ్చిన గత వ్యాసంలో, కాళ్లకు బిగుతుగా ఉండే ‘హోజ్’ను అల్లిక బట్టతో చేయించాలని, నడుముకు పట్టీ వేయించాలని ఉంది. 15వ శతాబ్దపు ఇటలీ నగరం ఫ్లోరెన్స్ దుస్తులకు ఈ రెండూ కుదరవు. ఆ భాగాన్ని ఇలా మార్చి చదవండి.

అప్పటి హోజ్‌ను నేసిన ఉన్ని బట్టతో కుట్టేవారు. బట్టను ఐమూలగా కత్తిరిస్తే అది సాగుతుంది, మోకాలు వంచినా పట్టేయదు. నిలువుగా కత్తిరిస్తే కూర్చోవడమే కష్టం. ఐమూలగా కత్తిరించడం వల్ల బట్ట ఎక్కువ పడుతుంది. దర్జీ ఆ మాట అంటే బేరమాడకండి. అల్లిన మేజోళ్లు బాగా వాడుకలోకి వచ్చింది 16వ శతాబ్దం రెండో సగంలో.

హోజ్ జారకుండా ఆపేది పైన తొడిగే డబ్లెట్, అంటే నడుము వరకు ఉండే బిగుతు పైవస్త్రం. రెండింటి అంచుల్లోనూ కాజాల్లాంటి చిన్న రంధ్రాలుంటాయి. కొసలకు లోహపు తొడుగులున్న తాళ్లతో వాటిని కలిపి ముడివేస్తారు. కాబట్టి డబ్లెట్ అంచు సరిగ్గా నడుము దగ్గరే ఆగాలి. రెండంగుళాలు కిందికి దిగినా ఆకారమంతా చెడుతుంది. ఈ కొలత విషయంలో మాత్రం రాజీపడవద్దు.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, ఇటలీ చిత్రకారుడు మొరోనీ గీసిన చిత్రంలోని దర్జీని నమూనాగా చూపేవారు ఒకటి గమనించాలి. అది 1560ల చివరి నాటిది. అతని ఎర్రని ఉబ్బు లాగు తర్వాతి శతాబ్దపు ఫ్యాషన్. దాన్ని 15వ శతాబ్దపు డబ్లెట్‌తో జతచేయకూడదు.