ఎంట్రీ ఫీజు గారికి, అయిదో బల్ల నుంచి

మహారాజశ్రీ ఎంట్రీ ఫీజు గారి సముఖానికి,

టేబుల్‌టాప్ వార్‌గేమ్ (బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధం ఆట) టోర్నమెంట్లలో ఎప్పుడూ మధ్య బల్లల దగ్గరే తేలే ఒక ఆటగాడు చేసుకుంటున్న విన్నపం. గెలిచేకొద్దీ మొదటి బల్ల వైపు జరుగుతాం, ఓడేకొద్దీ వెనక్కి. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఆర్మీ అంతా క్షేమం. ఒక ట్యాంకుకి రంగు సగమే పడింది, ఒక సార్జెంటుకి చెయ్యి ఊడి మళ్ళీ అతుక్కుంది, అంతకుమించి విశేషాలు లేవు. మీరు కూడా క్షేమమేనని, టోర్నమెంటు టోర్నమెంటుకీ కాస్త ఒళ్ళు చేస్తున్నారని నోటీసు చూడగానే తెలిసింది.

ముందే చెప్పేస్తున్నా, మీతో నాకు గొడవ లేదు. మిమ్మల్ని తిట్టేవాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాను. రెండు వేల పాయింట్ల (ఒక్కో దళానికి ఇన్నని విలువ కడతారు) ఆర్మీ కోసం బొమ్మల పెట్టెల మీద పెట్టెలు కొని, జిగురు, ప్రైమరు, నాలుగు రకాల ఎరుపు రంగులు (చూసేవాళ్ళకి నాలుగూ ఒకటే, మాకు కాదు), వెంట్రుకంత సన్నటి బ్రష్షులు కొని, ఇవన్నీ మోసుకెళ్ళడానికి లోపల స్పాంజి ఉన్న బ్యాగు కూడా కొని, ఆ లెక్క ఇంట్లో ఎవరికీ తెలియకుండా దాచుకున్న మనిషి, అందులో పిసరంత కూడా లేని మిమ్మల్ని చూసి "ఏంటీ, ఇంతా?" అని గుండెలు బాదుకుంటాడు. వార్‌హామర్ 40,000నే తీసుకోండి. 1987లో మొదలైన ఆట, 2020లో తొమ్మిదో ఎడిషన్ వచ్చింది, 2023లో పదోది వచ్చింది, వచ్చినప్పుడల్లా పాత రూల్‌బుక్కు అటకెక్కింది. అప్పుడు రాని ధర్మాగ్రహం మీ దగ్గరికి వచ్చేసరికి పొంగుకొస్తుంది.

మీరెక్కడికి పోతారో ఒక్కసారి ఆగి చూస్తే ఆ కోపం నిలవదు. ఆ ఆటకి ఒక్కో బల్ల మీద 44 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఖాళీ కావాలి. 16 మంది వస్తే అలాంటివి ఎనిమిది వెయ్యాలి. ప్రతిదాని మీదా కూలిన గోడలు, శిథిలాలు, పైపులు ఉండాలి, లేకపోతే పెద్ద తుపాకులున్నవాడు మొదటి టర్న్‌లోనే ఎదుటివాణ్ణి ఊడ్చేస్తాడు. ఒక్కో ఆట రెండున్నర గంటలు, మూడు గంటలు పడుతుంది, రోజుకి మూడు రౌండ్లంటే హాలు పొద్దున్నుంచి రాత్రి దాకా మనదే అయి ఉండాలి. ఆ గోడలన్నీ ఎవరో ఒకరు కొని, అతికించి, రంగులేసి, తెచ్చి పరిచి, మేమంతా వెళ్ళిపోయాక మళ్ళీ డబ్బాల్లో సర్దుకుని మోసుకెళ్ళాలి. ఇక జడ్జి ఉంటాడు. గోడ చాటునున్న బొమ్మది భుజం మీది తొడుగు మాత్రమే కనిపిస్తే మనిషి కనిపించినట్టా కాదా అన్న ప్రశ్నకి ఆ మానవుడు రోజంతా, ఎనిమిది బల్లల దగ్గరా, మొహం చిట్లించకుండా జవాబు చెప్పాలి. అందుకు చాలాసార్లు ఆయనకి దక్కేది ఫ్రీ ఎంట్రీ, అదీ తను ఆడని టోర్నమెంటుకి.

కాబట్టి మీలో ఆ సగం నాకు పరమ పూజ్యం. నా గొడవల్లా రెండో సగంతో, అంటే మీ చెయ్యి పట్టుకుని మరీ హాల్లోకి వచ్చే మీ తమ్ముడు బహుమతితో.

లెక్క వేసి చూద్దాం, డబ్బు ఎంతన్నది వదిలేసి ఫీజుల్లోనే లెక్కపెడదాం. 16 మంది కట్టారు. సగం ఖర్చులకి, సగం బహుమతులకి అని ఆర్గనైజర్ ఉదారంగా ప్రకటించాడనుకోండి. అంటే బహుమతులకి 8 ఫీజులు. మొదటివాడికి నాలుగు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, బాగా రంగులేసినవాడికి ఒకటి. సరిపోయింది. మిగిలిన 12 మందీ తలా అర ఫీజు ఆ నలుగురికి చదివించి, చప్పట్లు కూడా కొట్టి, బొమ్మలు సర్దుకుని బయల్దేరతాం. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, ఇక్కడ అత్తలం మేమే. పంపకాల ఫొటోలో మాత్రం ఉండం.

ఆ నలుగురు ఎవరన్నది లాటరీ అయితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. మొదటి రెండు బల్లల దగ్గర చివరికి ఎవరు తేలతారో వచ్చినవాళ్ళందరికీ పొద్దున్నే తెలుసు. వాళ్ళు బాగా ఆడతారు, వారం వారం ప్రాక్టీస్ చేస్తారు, ఏ యూనిట్‌కి పాయింట్లు తగ్గాయో మా కంటే ముందు చూసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. గెలవడం వాళ్ళ హక్కే. కానీ గెలుపుతో పాటు మా అర ఫీజులు కూడా వాళ్ళ హక్కు ఎలా అయ్యాయన్నది మాత్రం ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, బహుమతిగా వచ్చే కొత్త బొమ్మల పెట్టె అవసరం లేనివాడు ఆ హాల్లో ఎవరైనా ఉన్నారంటే అది వాళ్ళే. పోయినసారి గెలిచిన పెట్టె సీలు కూడా తీసి ఉండరు.

ఇప్పుడు మీ తమ్ముడు ఆటని ఏం చేస్తాడో చెబుతాను, అసలు బాధ అక్కడే.

జతలు కట్టడానికి వాడేది స్విస్ పద్ధతి, 1895లో జ్యూరిక్‌లో చదరంగం పోటీతో మొదలైంది. ఓడినవాణ్ణి ఇంటికి పంపదు, ఇంచుమించు సమానంగా గెలిచినవాళ్ళని ఒకరికొకరిని ఎదురు పెడుతూ పోతుంది, అందరికీ అన్ని రౌండ్లూ దక్కుతాయి. ఫీజు కట్టినవాడి కోణంలోంచి చూస్తే ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. కానీ 16 మందికి మూడు రౌండ్లే ఆడిస్తే, డ్రాలు లేకపోతే, మూడూ గెలిచినవాళ్ళు ఇద్దరు మిగులుతారు. రెండు గెలిచినవాళ్ళు ఆరుగురు, ఒకటి గెలిచినవాళ్ళు ఆరుగురు, ఏదీ గెలవనివాళ్ళు ఇద్దరు. ఒక్కడే తేలాలంటే నాలుగో రౌండు కావాలి, అప్పటికి హాలు వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ ఉంటాడు. అందుకని సమానంగా నిలిచినవాళ్ళని విడదీయడానికి టైబ్రేక్ పెడతారు, చాలాచోట్ల ఆ టైబ్రేక్ అంటే ఆటలన్నిట్లో తెచ్చుకున్న మొత్తం పాయింట్లే. ఇద్దరూ ఎవరి చేతిలోనూ ఓడలేదు, ఒకడికి నాలుగు ఫీజులు, ఇంకొకడికి రెండు. ఈ తేడా ఎక్కణ్ణుంచి రావాలి? తక్కువ తెలిసినవాడి ఒంట్లోంచి రావాలి.

మొదటి రౌండులో జతలు ఎలా పడితే అలా పడతాయి. ఒక కుర్రాడు మొదటి టోర్నమెంటుకి వచ్చాడు, చేతిలో రూల్స్ ప్రింటవుట్, పక్కన ఇంకా బేస్‌కి అతకని సైనికుడు. ఎదురుగా పోయినసారి విజేత. రెండో టర్న్‌కే ఆట తేలిపోయింది. మామూలు రోజైతే ఆ విజేతే "ఆ స్క్వాడ్‌ని గోడ వెనక్కి లాగు తమ్ముడూ, లేకపోతే నా ఫిరంగికి దొరికిపోతుంది" అనేవాడు. అనడం నేను విన్నాను, మంచి మనిషి. కానీ టోర్నమెంటు నాడు 92 పాయింట్లతో గెలిస్తే చాలదు, వంద కావాలి, లేకపోతే సాయంత్రం టైబ్రేక్‌లో దెబ్బ తగులుతుంది. కాబట్టి మూల నక్కిన ఆఖరి బొమ్మని కూడా వెతికి వెతికి లేపేస్తాడు. కుర్రాడు మిగతా రెండు రౌండ్లూ మర్యాదకి ఆడి వెళ్ళిపోతాడు, వచ్చేసారి రాడు. మీ మొత్తంలో ఒకరు తగ్గారు. ఈ సంగతి మీ తమ్ముడికి చెప్పండి, కనీసం లెక్కల భాషలోనైనా అర్థమవుతుంది.

గెలుపోటములతో కాకుండా పాయింట్లతోనే జతలు కట్టేచోట ఇంకో కళ ఉంది. మొదటి రౌండులో కావాలనే తక్కువ పాయింట్లు తెచ్చుకుని కిందికి మునిగి, అక్కడ తేలికైన ప్రత్యర్థుల్ని మింగుతూ ఆఖరి రౌండుకి పైకి తేలడం. ఎవరూ ఒప్పుకోరు, అందరికీ తెలుసు. ఇక చివరి రౌండులో మొదటి బల్ల దగ్గర ఇద్దరు స్నేహితులు ఎదురుపడితే, మొదటి బహుమతీ రెండోదీ కలిపి చెరిసగం అని ముందే నవ్వుకుంటూ అనుకుని, ఆ తర్వాత ఆడే ఆటకి మేమంతా చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తాం. టెన్షన్ అంతా మాదే.

అసలు ఆ బహుమతి ఏమిటో కూడా చూడండి. పెట్టె అయితే నూటికి తొంభై సార్లు గెలిచినవాడి ఆర్మీది కాదు. ఓర్క్‌లు ఆడేవాడికి స్పేస్ మెరైన్లు వస్తారు, వాళ్ళని విడిభాగాలుగా వచ్చిన బూడిదరంగు ఫ్రేముల్లోనే ఉంచి ఇంట్లో ఉన్న గుట్ట మీద ఇంకో పెట్టెగా పేరుస్తాడు. స్టోర్ క్రెడిట్ అయితే మరీ ముచ్చట. మేం షాపుకి నగదు కడతాం, షాపు విజేతకి చీటీ ఇస్తుంది, విజేత ఆ చీటీతో అదే షాపులో పెట్టె కొంటాడు, ఆ పెట్టె షాపుకి పడేది టోకు ధరకి. షాపు ఉంటేనే మాకు బల్లలుంటాయి కాబట్టి నేను దీన్ని మోసం అనను. బల్లలకి అద్దె అని రాసి తీసుకుంటే ఇంకో రూపాయి ఎక్కువైనా కడతాను. బహుమతి అని రాయడం దేనికి?

చిన్న బహుమతుల గురించి ఎక్కువ చెప్పను. రంగుల బహుమతి కొన్నిసార్లు రంగులేసినవాడికి కాకుండా, డబ్బిచ్చి వేయించుకున్నవాడికి పోతుంది. 2020 ఎడిషన్‌లో ఆర్మీ మొత్తానికి ఓ మాదిరిగా రంగుంటే చాలు, వందలో 10 పాయింట్లు అని పెట్టారు, అది నాకు నచ్చింది, అందరికీ అందేది. ఉత్తమ క్రీడాస్ఫూర్తికి మాత్రం ఓట్లు వెయ్యమంటారు, ప్రత్యర్థికి తక్కువ మార్కులు వేస్తే తన ర్యాంకు పెరుగుతుందని కనిపెట్టిన మహానుభావులు ఆ ఓట్లలో కూడా స్ఫూర్తి చూపిస్తారు. అందులో గెలిచినవాడికి సర్టిఫికెట్ ఇస్తారు, పెట్టె ఇవ్వరు. మంచితనానికి రేటు ఎంతో ఆర్గనైజర్లకి కచ్చితంగా తెలుసు. నాకు ఇష్టమైనది ఆఖరివాడికిచ్చే చెక్క గరిటె. కేంబ్రిడ్జిలో లెక్కల పరీక్ష ఆఖరి మార్కుతో గట్టెక్కినవాడికి ఇచ్చేవారు, 1909 తర్వాత అక్కడ ఆగిపోయింది, మా దగ్గర ఆగలేదు. ఆ హాల్లో టైబ్రేక్ కోసం ఎవరినీ తొక్కకుండా సంపాదించగల బహుమతి అదొక్కటే.

మరి పెద్ద బహుమతి లేకపోతే పెద్ద ఆటగాళ్ళు రారు అంటారు. రానివ్వండి, మానివ్వండి. ఒకరిద్దరు మానేస్తారేమో గానీ, మిగిలినవాళ్ళు ర్యాంకింగ్ కోసం వస్తారు, కప్పు పట్టుకుని దిగే ఫొటో కోసం వస్తారు, ముఖ్యంగా ఒకరినొకరు ఓడించుకోవడానికి వస్తారు. కాదు, పెట్టె కోసమే వస్తామంటే, ఆ నలుగురూ ఎక్కువ ఫీజు కట్టి, వాళ్ళ పందెం వాళ్ళలో వాళ్ళే కాసుకోవచ్చు, నేను వచ్చి చప్పట్లు కొడతాను, ఉచితంగా.

కాబట్టి మీ దగ్గర నేను కోరేది పెద్దదేమీ కాదు. మీలో ఆ రెండో సగాన్ని తగ్గించండి. మొదటివాడికి మంచి కప్పు ఇవ్వండి, పేరు చెక్కించి ఇవ్వండి, ఇంతకుముందు గెలిచినవాళ్ళ పేర్లు కూడా దాని మీద ఉంటే ఇంకా బావుంటుంది. పెట్టెలు ఏమైనా మిగిలితే లక్కీ డ్రా తియ్యండి, మూడు రౌండ్లూ చివరిదాకా ఆడినవాళ్ళ పేర్లే చీటీల్లో వెయ్యండి. రెండు ఓడగానే బ్యాగు సర్దేసే మా అలవాటుకి అంతకంటే మందు లేదు. ఆ మిగతా డబ్బుతో ఇంకో రెండు బల్లలకి సరిపడా గోడలు కొనండి, లేదా ఆ జడ్జికి ఏదైనా ఇవ్వండి. ఎంత వసూలైంది, ఎంత దేనికి పోయింది అన్నది జతల కాగితం పక్కనే ఇంకో కాగితం మీద రాసి అంటించండి. లెక్క కనిపిస్తే మీరు ఎంత లావెక్కినా మేం నోరెత్తం.

ఇట్లు,
తమ విధేయుడు,
అయిదో బల్ల ఆటగాడు

తా.క.: ఎవరో ఒకరు ఆఖరి నిమిషంలో ఎగ్గొట్టి 15 మందే తేలితే, జత లేక మిగిలినవాడికి ఆడకుండానే గెలుపు రాసిచ్చే ఆ బై దయచేసి నాకు ఇవ్వకండి. మిమ్మల్ని నిండుగా కట్టి, మూడు గంటలు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని, దాని మీద ఘనవిజయం సాధించి, ఆ పాయింట్లతో ఒక బల్ల పైకెక్కడం నా వల్ల కాదు. ఆర్గనైజర్ గారినే ఒక ఆర్మీ తెచ్చుకుని ఉండమనండి, రంగు లేకపోయినా ఆయనకి మేం 10 పాయింట్లు కోయం.