ఎర్ర రిబ్బను గారికి ఒక లేఖ

మహారాజశ్రీ ఎర్ర రిబ్బను గారి సముఖానికి, జాతీయ అంతరిక్ష దినోత్సవంలో పిల్లలకు సూర్యుణ్ణి చూపిస్తానని మాట ఇచ్చి భంగపడిన వాలంటీరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే తమరు ప్రస్తుతం రెండు ముక్కలుగా ఉన్నారు.

ఆగస్టు 23న వానాకాలపు ఆకాశం తేటగా దొరకడమే అదృష్టం. ఉదయం తొమ్మిదికల్లా టెలిస్కోపుకు సౌర ఫిల్టరు బిగించి, గురి కుదిర్చి పెట్టాను. సూర్యబింబం మీద నల్లటి మచ్చలు స్పష్టంగా కనిపించాయి. పిల్లలు వరుస కట్టారు. అప్పుడు వేంచేశారు తమరు, ఇత్తడి పళ్ళెంలో, కత్తెరతో సహా. ముఖ్య అతిథి ప్రారంభించేదాకా ఎవరూ కన్ను పెట్టకూడదని నిర్వాహకులు తమరిని గొట్టం చుట్టూ తిప్పి పువ్వు ముడి వేశారు.

చంద్రయాన్-3 విజయమని రాసిన ఫ్లెక్సీ మీద అమెరికా వారి స్పేస్ షటిల్ బొమ్మ వేశారు, సరిపెట్టుకున్నాను. నాకు ఇచ్చిన టీషర్టులో నాలాంటి వారు ఇద్దరు పడతారు, దానికీ సరే అన్నాను. మూడు గంటలకు అందిన పులిహోరను తిన్నాను కూడా. తమరి దగ్గరే నా సహనం తెగింది.

సూర్యుడి నుంచి బయలుదేరిన వెలుగు 15 కోట్ల కిలోమీటర్లు సుమారు 8 నిమిషాల 20 సెకన్లలో దాటి వచ్చి, తమరి ముడి దగ్గర రెండున్నర గంటలు నిలబడింది. మన ఇస్రో వారు ఆదిత్య-ఎల్1 నౌకను భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం పంపింది గ్రహణాలు కూడా అడ్డు రాకుండా సూర్యుణ్ణి చూడటానికేనట. ఇంతకాలం అంత దూరం ఎందుకా అనుకునేవాణ్ణి.

పదిన్నరకు పడమటి నుంచి మబ్బు లేచింది. వరుసలో మొదట నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి మబ్బును చూసింది, నిన్ను చూసింది, తన జడ ముందుకు తీసుకుని దాని కొసన ఉన్న రిబ్బనునూ చూసింది. "సార్, ఇది జడకు కట్టుకునేదే కదా? లాగితే ఊడిపోతుంది" అంది.

ఊడిపోతుంది. నాకూ తెలుసు. పది రూపాయల గుడ్డపేలికవు నువ్వు. నిన్ను లాగడానికి నాకు చెయ్యి రాలేదు. "పెద్దలు రానీ అమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు నిన్న రాత్రి నిద్ర పట్టలేదు, నీకు లేఖ రాయడం అందుకే.

పదకొండున్నరకు ఆయన వచ్చారు. శాలువా అయింది, జ్ఞాపిక అయింది. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగడానికి 19 నిమిషాలు పట్టింది, ఈయన వేదిక దిగడానికి నలభై. నిన్ను కోసి, కన్ను పెట్టారు. అప్పటికి ఆకాశమంతా మబ్బు, గొట్టంలో కటిక చీకటి. తల ఎత్తి "అద్భుతం!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ అమ్మాయి కొట్టలేదు.

వెళ్ళేటప్పుడు నీ ముక్క ఒకటి అడిగి పట్టుకుపోయింది. రెండోది నా దగ్గర ఉంది. టెలిస్కోపు సంచి జిప్పు పాడైతే దానితోనే మూతి కట్టి ఇల్లు చేర్చాను. దారి పొడవునా గుంతలే, అయినా ఊడలేదు.

ఇట్లు,
పసుపు టీషర్టు