బేరింగు పోయిన ఆల్బమ్

మా అపార్టుమెంటులో నన్ను "లింకుల మాస్టారు" అంటారని వాచ్‌మన్ కొడుకు చెబితే తెలిసింది. నేను మాస్టారిని కాను. ఒక ఆఫీసులో లెక్కలు చూసుకుంటూ, పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లున్న మనిషిని. లింకుల మాట మాత్రం నిజమే.

రాత్రి పదిన్నర దాటి ఇల్లంతా పడుకున్నాక, ఎవరూ వినని సంగీతం వెతకడం నా వ్యసనం. ఇక్కడ "ఎవరూ వినని" అన్నదే అసలు మాట. ఊరంతా పాడుకునే పాట నాకెందుకు? ఎక్కడో మంచు కురిసే ఊళ్లో ఒక కుర్రవాడు కారు షెడ్డులో కూర్చుని రికార్డు చేసి, యాభై క్యాసెట్లు వేసి, అందులో ముప్పై చుట్టాలకే పంచేశాడంటే చాలు, ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. ఆ చుట్టాలైనా విన్నారో లేదో అన్న అనుమానం కలిగితే మరీ ఆనందం.

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అనే అమెరికా ఆన్‌లైన్ అంగడి నా పాలిట మా విశాఖ పూర్ణా మార్కెట్టు. అక్కడ సంగీతం చేసినవాడే ధర చెబుతాడు. కొందరు "మీకు తోచినంత" అని వదిలేస్తారు. హారతి పళ్లెం ముందు జేబు తడుముకునే అవస్థే అది. ముందు సున్నా కొడతాను, సిగ్గేస్తుంది, చెరిపి రెండు డాలర్లు చేస్తాను. డిజిటల్ అమ్మకాల మీద అంగడివారు 15 శాతం తీసుకుంటారు. 2020 మార్చి నుంచి మాత్రం కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటున్నారు. బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్లడానికి మా ఆవిడకు మార్గశిర గురువారాలు ఎలాగో, నాకు ఆ శుక్రవారాలు అలాగ.

దొరికినదాన్ని కడుపులో దాచుకోలేను. పంచితే అది అందరిదీ అయిపోతుందేమోనని లోపల చిన్న దిగులు కూడా ఉండేది. ఆ దిగులు పూర్తిగా అనవసరమని క్రమంగా తేలింది. నలభై ఏడు నిమిషాల ఆల్బమ్ లింకు పంపితే పన్నెండు సెకన్లలో బొటనవేలు బొమ్మ వస్తుంది. "మొత్తం వినండి, ఆరో నిమిషం దాకా ఓపిక పట్టండి, అసలు సంగతి అక్కడుంది" అని రాస్తే మరో బొటనవేలు. ఒకసారి పంతం పట్టి, బర్మింగ్‌హామ్ బృందం నేపామ్ డెత్ 1987లో తెచ్చిన ఆల్బమ్‌లోని ఒక పాటను మా క్యాషియరుకు పంపాను. దాని నిడివి 1.316 సెకన్లు, అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇదైనా పూర్తిగా వింటాడని నా ఆశ. మర్నాడు టీ దగ్గర అడిగితే, "సగం విన్నానండి, మిగతాది ఆదివారం తీరిగ్గా వింటాను" అన్నాడు.

ఇక ఆ శనివారం రాత్రి దొరికిన ఆల్బమ్ సంగతి. అది డ్రోన్ సంగీతం. డ్రోన్ అంటే పెళ్లి పందిట్లో పెళ్లికూతురి తల మీద ఎగిరే యంత్రం కాదు. ఒకే స్వరాన్ని పట్టుకుని చాలాసేపు వదలకుండా ఉండే సంగీతం. మన తంబురానే ఊహించుకోండి. గాయకుడు రాలేదు, మృదంగం రాలేదు, కచేరీ మాత్రం జరిగిపోయింది. నలభై ఏడు నిమిషాలు ఒకటే గుమ్మనే నాదం, ఆరో నిమిషంలో దాని అడుగున సన్నగా ఒక కీచు. ఆ కీచు దగ్గర నా కళ్లు చెమర్చాయి. వెంటనే కొని, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అపార్టుమెంటు గ్రూపులో లింకు పెట్టాను. పైన "వలసపక్షుల ఏకాంతం వినండి" అని ఒక వాక్యం కూడా చేర్చాను. ఆల్బమ్ కింద సంగీతకారుడు ఏదో పొడుగ్గా రాసుకున్నాడు గానీ నేను చదవలేదు. వ్యాఖ్యానాలు చదివి వినడం నాకు నచ్చదు.

ఆదివారం తెల్లవారుజామున మా ఆవిడ తన అక్కతో కలిసి సింహాచలం వెళ్లింది. ఇల్లు నాదైంది. అయినా స్పీకరును హాల్లోకి తేలేదు. ఆ మోత హాల్లో వినపడకూడదని ఎప్పుడో ఆజ్ఞ అయింది. ఆవిడ ఇంట్లో లేకపోయినా ఆజ్ఞ ఇంట్లోనే ఉంటుంది. అందుకే నా స్పీకరు కాపురం వెనక వసారాలో, వాషింగ్ మెషీను మీద, డక్టు వైపు కిటికీ పక్కన. మా అపార్టుమెంటు డక్టు ఎలాంటిదంటే, నాలుగో అంతస్తులో పోపు వేస్తే సెల్లారులో తుమ్ముతారు. దాని అడుగునే నీళ్ల మోటారు గది.

పరిసర సంగీతానికి పేరు పెట్టిన బ్రయన్ ఈనో తన 1978 ఆల్బమ్‌కు ఒక చిన్న ముందుమాట రాశాడు. ఇలాంటి సంగీతాన్ని శ్రద్ధగా వినడానికీ, అసలు పట్టించుకోకుండా ఊరుకోవడానికీ రెండింటికీ వీలుండాలని దాని సారాంశం. సరే, కాసేపు పట్టించుకోకుండా ఊరుకుందామని పెన్‌డ్రైవు గుచ్చి, శబ్దం పెంచి, తాళం వేసి బీచ్‌కు నడకకు పోయాను. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా నాదంతో నిండి, అగరుబత్తి వెలిగించిన గదిలా ఉంటుందని నా ఊహ. ఫోను ఛార్జింగులోనే వదిలేశాను. మరో సంగతి, నా స్పీకరు పెన్‌డ్రైవు అయిపోతే ఆగదు, మళ్లీ మొదటికి వస్తుంది. అమెరికా రాక్ గాయకుడు లూ రీడ్ 1975లో గిటారు రొదతో రెండు ఎల్పీ రికార్డులు నింపి, నాలుగో వైపు చివరి గాడిని గుండ్రంగా మూసేశాడు. ముల్లు ఎత్తేదాకా అది ఆగదు. ఆయన పనిగట్టుకుని చేసిన ఏర్పాటు నా స్పీకరులో పుట్టుకతోనే ఉంది.

పొద్దున్నే బీచ్ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు. ఊరంతా అక్కడే నడుస్తుంది. కురుసుర జలాంతర్గామి ఎదురుగా పాత మిత్రుడొకడు తగిలాడు. వాడికి ఆల్బమ్ గురించి చెప్పడానికి గంట పట్టింది, వాడు తన మోకాలి గురించి చెప్పడానికి మరో గంట.

ఈ రెండు గంటల్లో మా అపార్టుమెంటులో జరిగినది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

మొదట విన్నది సెక్రటరీ గారు. ఆయన ఆరింటికి మోటారు వేసి పైకి వెళ్లారు. ట్యాంకు నిండాక వచ్చి స్విచ్చు ఆపారు. మోత ఆగలేదు. మళ్లీ వేసి మళ్లీ ఆపారు. ఆగలేదు. మోటారు గది మెయిన్ కూడా దించేశారు. చీకట్లో, కరెంటు లేకుండా, మోటారు గుమ్మని తిరుగుతూనే ఉంది. ఆయన నోట ఆంజనేయ దండకం వచ్చేసింది.

జనం పోగయ్యారు. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు చేసి వచ్చిన బాబాయి గారు కళ్లు మూసుకుని విని, "ఇది మోటారు కాదయ్యా, ఇంజిన్ రూము. సరుకు దించుకున్న ఓడ ఇలాగే అంటుంది" అని, కాసేపు ఏ ఓడో గుర్తు చేసుకునే ప్రయత్నంలో ఉండిపోయారు. మూడో అంతస్తు అక్కయ్య గారికి మాత్రం 2014 అక్టోబరు 12 గుర్తుకొచ్చింది. "హుద్‌హుద్ నాడు పొద్దున ఇలాగే మొదలైంది. ముందు ఇదే గుమ్మనడం, తర్వాత కిటికీలు పోయాయి" అన్నారావిడ. ఆ మాటతో రెండు కుటుంబాలు బాల్కనీలో పూలకుండీలు లోపలికి తెచ్చుకున్నాయి. ఇంతమందిలో ఒక్కరికైనా వలసపక్షులు తట్టలేదు.

కంచరపాలెం నుంచి మెకానిక్కు వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. సంచిలోంచి పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడట. ఒక నిమిషం కాదు, రెండు కాదు, చాలాసేపు. ఎవరో మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడట. చివరికి, "బేరింగు పోయింది. గ్రీజు ఎండిపోయింది. ఆరేడు నిమిషాలకు కీచు మొదలవుతోంది చూడండి" అన్నాడు.

"కరెంటు లేకుండా ఎలా తిరుగుతోందయ్యా?" అన్నారు సెక్రటరీ గారు.

దానికీ అతని దగ్గర సమాధానం ఉంది. పైపులో వాల్వు సరిగా మూసుకోకపోతే ట్యాంకు నీళ్లు వెనక్కి దిగి పంపును ఎదురు తిప్పుతాయట. ఇది నిజంగా జరిగే సంగతేనని తర్వాత తెలుసుకున్నాను. వాల్వు కట్టేశారు. మోత ఆగలేదు. పైపు ఊడదీశారు. ఆగలేదు. ఇక తప్పదని బోల్టులు విప్పి, మోటారును బయటికి లాగి, మూతలు తీసి, రోటరును గోనెసంచి మీద పడుకోబెట్టారు. నాలుగు ముక్కలై, ఎండలో వెల్లకిలా పడి ఉన్న మోటారు చుట్టూ ఇరవై ఫ్లాట్ల జనం నిలబడి చూస్తున్నారు. అది ఇంకా గుమ్మంటూనే ఉంది.

సరిగ్గా అప్పుడు నేను పాల ప్యాకెట్లతో గేటు దగ్గరికి వచ్చాను. గేటు బయటికే నా ఆల్బమ్ వినిపించింది. నా గుండె ఒక్కసారి ఎగిరిపడింది. రాత్రి పంపిన లింకు! ఎవరో విన్నారు. వినడమే కాదు, అందరినీ పిలిచి, కింద కూర్చోబెట్టి వినిపిస్తున్నారు. ఇన్నేళ్ల తపస్సు ఫలించిందనుకుని, తడబడే గొంతుతో, "ఎవరండీ పెట్టింది?" అన్నాను.

"ఏమిటి పెట్టేది?" అన్నారు సెక్రటరీ గారు. ఆయన చేతులకు మోచేతుల దాకా గ్రీజు.

నేను మోటారు ముక్కలను చూశాను. తర్వాత డక్టు పైకి, రెండో అంతస్తులో మా వసారా కిటికీ వైపు చూశాను. ఎప్పుడూ లిఫ్టు కోసం పోట్లాడే నేను ఆ పూట మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పెన్‌డ్రైవు పీకాను.

కింద ఏమైందంటే, అదే క్షణంలో మెకానిక్కు విసుగొచ్చి రోటరు మీద స్పానరుతో ఠంగున ఒక్కటి వేశాడు. మోత ఆగింది. అపార్టుమెంటంతా చప్పట్లు. బాబాయి గారు "అనుభవం అంటే అదీ!" అన్న మాట నాకు పైకి స్పష్టంగా వినిపించింది. ఆ డక్టు అంత మంచిది.

చప్పట్లు కొట్టించుకున్న మనిషికి ఒప్పుకోవడం కష్టం. అతనికి మాత్రం అలాంటి మొహమాటం లేదు. పావుగంట తర్వాత చేతులు కడుక్కుంటానని మా తలుపు తట్టాడు. కింద కుళాయి ఉండగా రెండో అంతస్తు దాకా ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. తిన్నగా వసారాలోకి నడిచి, స్పీకరును చూసి, నన్ను చూశాడు.

"ఒకసారి మళ్లీ పెట్టండి సార్."

తక్కువ శబ్దంతో పెట్టాను. అతను స్క్రూడ్రైవరు మొన స్పీకరు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. ఆరో నిమిషంలో కీచు వచ్చినప్పుడు తల ఊపాడు. పదో నిమిషంలో కళ్లు తెరిచాడు.

"ఇది మోటారే సార్. నేను తప్పు చెప్పలేదు. కానీ మన మోటారు కాదు. మన కరెంటు కాదు."

అర్థం కాలేదన్నాను.

"మన కరెంటు 50 సైకిల్స్ సార్. సౌదీలో 60. ఆరేళ్లు అక్కడ చేసొచ్చాను. అక్కడి మోటార్లు కొంచెం పై శ్రుతిలో ఏడుస్తాయి. కింద నుంచి వింటున్నప్పుడే, ఇది మన ఏడుపు కాదే అనిపించింది. ఇది సౌదీ అయినా కావాలి, అమెరికా అయినా కావాలి."

అతను చేతులు కడుక్కుంటుండగా నేను ఫోను తీసి, ఆల్బమ్ కింద ఉన్న ఆ పొడుగు వ్యాఖ్యానం మొదటిసారి చదివాను. అమెరికాలో ఒక చిన్న ఊరి పాత పంపుహౌసులో, మూసేయడానికి ముందు వారం, మోటారు పక్కన మైకు పెట్టి రికార్డు చేశాడట. వలసపక్షుల ఊసే లేదు.

"మరి కింద చెప్పకపోతే ఎలా?" అన్నాను నీరసంగా.

"ఏమని చెబుతారు సార్? బేరింగు నిజంగానే పోయింది. బీచ్ గాలి కదా, ఉప్పు తినేసింది. ఇంకో నెలలో పట్టేసేది. మీ పాట ముందే చెప్పింది, అంతే."

సాయంత్రం గ్రూపులో లెక్క వచ్చింది. బేరింగులు రెండు, సీలు ఒకటి, వాల్వు, కూలి, మొత్తం 2,800 రూపాయలు, ఫ్లాటుకు 140. నేను బొటనవేలు పెట్టాను. సింహాచలం నుంచి వచ్చిన మా ఆవిడ ప్రసాదం పెడుతూ, "కరెంటు తీసేసినా మోటారు తిరిగిందట కదండీ, మీరు విన్నారా?" అంది. నడకకు వెళ్లానని చెప్పాను. అబద్ధం కాదు.

మరో పది రోజులకు, ఆఫీసులో లెక్కల మధ్య ఉండగా వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. పంపింది మెకానిక్కు. నిడివి పదకొండు నిమిషాలు. కింద ఇలా రాశాడు: "సార్, ఫిషింగ్ హార్బరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ కంప్రెసరు. రాత్రి పని అయ్యాక రికార్డు చేశాను. ఎనిమిదో నిమిషం దాకా ఓపిక పట్టండి, అసలు సంగతి అక్కడుంది."

ఎదురుగా మేనేజరు గారు నిలబడి ఉన్నారు. చటుక్కున బొటనవేలు పంపి ఫోను పక్కన పెట్టాను.

వెంటనే జవాబు వచ్చింది.

"పదకొండు నిమిషాలది పన్నెండు సెకన్లలో ఎలా విన్నారు సార్?"