మహారాజశ్రీ హ్యాండ్‌బ్రేక్ గారికి

విశాఖపట్నం, లాసన్స్ బే కాలనీ నుంచి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, తమరు మాత్రం మరీ క్షేమంగా ఉన్నారు, దిగమన్నా దిగట్లేదు.

మా బావగారు దుబాయ్ వెళ్తూ కారుని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి, ఎందుకైనా మంచిదని తమరిని చివరిదాకా లాగి మరీ వెళ్లారు. నేల బల్లపరుపు, కారు ఎక్కడికీ పోదు. అయినా వర్షాకాలమంతా తమరు పట్టు వదల్లేదు. మొన్న లివర్ దించాం, ఎర్ర లైటు ఆరింది, అంటే కాగితాల మీద తమరు రిలీవ్ అయినట్టే, కానీ వెనక ఎడమ చక్రం చార్జి అప్పగించనంటోంది. ఇంతటి కర్తవ్యదీక్ష సింహాచలం ఘాట్ రోడ్డులో ఏమైంది స్వామీ? ముందు బస్సు ఆగి, వెనక బైకులు హారన్లు కొడుతుంటే మెల్లగా వెనక్కి జారింది తమరే కదా! అప్పుడేమో కేబుల్ వదులైందన్నారు.

లోపలి కథ మాకూ తెలుసులెండి. కేబుల్ లాగితే షూలు (చక్రం లోపలుండే వంపు బ్రేకు ముక్కలు) విచ్చుకుని, చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము డ్రమ్ముని పట్టుకుంటాయి, అలాగే వదిలేస్తే తేమకి డ్రమ్ము తుప్పు పట్టి లైనింగుతో (షూల మీది రాపిడి పొరతో) అతుక్కుపోతుంది, పైగా మన ఊరి ఉప్పుగాలికి తుప్పు ముహూర్తం చూసుకోదు. ఒక్కోసారి కేబులే తొడుగులో బిగుసుకుపోయి వెనక్కి రాదు. తమరు రెండూ చేశారు.

ఇక సలహాలు! మూడో అంతస్తు మాస్టారు "ఫస్ట్ గేరేసి గట్టిగా తొక్కెయ్" అన్నారు. తొక్కితే లైనింగు షూ మీంచి ఊడి డ్రమ్ములో ఇరుక్కోవచ్చు, ఆ ఖర్చు ఆయనిస్తారా? వాచ్‌మన్ తుప్పు వదిలించే స్ప్రే పట్టుకుని డ్రమ్ములోకే కొట్టబోయాడు (కేబుల్‌కైతే కొట్టుకోవచ్చు, లైనింగుకి నూనె తగిలితే ఇక బ్రేకు పడినట్టే).

గాజువాక ఆటోనగర్ నుంచి మెకానిక్ వచ్చి "ఏటి సార్, ఇంత గట్టిగా లాగేసినారేటి" అంటూ ముందు చక్రాలకి ఇటుకలు పెట్టి, జాకీ ఎత్తి, చక్రం విప్పి, డ్రమ్ము చుట్టూ సుత్తితో కొడితే టక్కుమని వదిలారు. వదలకపోతే డ్రమ్ముకున్న రెండు మరచుట్ల రంధ్రాల్లో బోల్టులు బిగించి బయటికి తోసేవాడట.

కావున, సెల్లార్‌లో ఉన్నన్నాళ్లూ తమరికి దీర్ఘకాల సెలవు. ఫస్ట్ గేరూ, రెండు ఇటుకలూ డ్యూటీ చూసుకుంటాయి. కొత్త కేబుల్ బిల్లు బావగారికి వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, డబ్బులు పడలేదు.